మిగిలిన రెండు కమ్మి ముక్కలు

అమల పోయిన రోజు రెండో శనివారం. బడికి సెలవు. వేలూరు ఆసుపత్రి నుంచి బయలుదేరిన అంబులెన్సు చంద్రగిరి దాటి పూతలమిట్టకు వచ్చేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఊరి బడి ప్రధానోపాధ్యాయుడు ఏబెల్ అయివారు బండి దిగి, వాకిట్లో నిలబడినవాళ్ళందరికీ ఎప్పటిలాగే చేతులెత్తి నమస్కారం పెట్టాడు. కూతురి శవం బండిలో ఉండగా నమస్కారం పెట్టినాడని ఊళ్ళో చాలా రోజులు చెప్పుకున్నారు. ఆయనకు మాత్రం ఆ సంగతి గుర్తులేదు.

అమలకు పదిహేడేళ్ళు. ఇంటర్ రెండో ఏడు మొదట్లో జ్వరం వచ్చింది. చిగుళ్ళ వెంట రక్తం వచ్చింది. రక్తపు క్యాన్సర్ అని తేల్చి చెప్పడానికి వేలూరులో నాలుగు రోజులు పట్టింది. ఆ తర్వాత ఆరు నెలలు బతికింది.

సాయంత్రం అయిదుకు మట్టి చేయాలని పాస్టరు చెప్పాడు. తలవైపు సిలువ కావాలి. చంద్రగిరి వడ్రంగి సోమవారం దాకా కాదన్నాడు. ఏబెల్ బావమరిది ఇమ్మానుయేలుకు చంద్రగిరి బస్టాండు వెనకాల వెల్డింగు అంగడి ఉండేది. అతను ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి ఏబెల్ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"బావా, కొయ్య సిలువ ఈ పొద్దుకు అయ్యేట్టు లేదు. దొడ్లో ఇనప కమ్మి ముక్కలు రెండుండాయి. మిషను తెప్పించి నేనే అతికిస్తా. ఏమంటావు?"

ఏబెల్ తల ఊపాడు.

ఇమ్మానుయేలు ఒక ముక్కను నిలువుగా, రెండోదాన్ని కోసి అడ్డంగా పెట్టి అతికించాడు. మిగిలిన తుంటను గట్టి కోసం అడుగున అతికించాడు. వెండిరంగు పూశాడు. రంగు ఆరకముందే సిలువ వాగు అవతలి సమాధుల దొడ్డికి చేరింది. సిమెంటు కలిపి తలవైపు దిమ్మె కట్టి నాటారు. నాటేటప్పుడు ఏబెల్ ఒక చేత్తో దాన్ని నిలువుగా పట్టుకున్నాడు. రంగు అరచేతికి అంటుకుంది. రెండు మూడు రోజులకు పోయింది.

మరుసటి ఏడాది ఇమ్మానుయేలు పని దొరికి కువైటు వెళ్ళిపోయాడు.

ఆ ఏడాదే, వానలు పడీపడని ఆషాఢ మాసంలో, కమ్మి సంగతి బయటపడింది.

బడి వెనకాల గుట్టగా పడి ఉన్న తుప్పు ఇనుమును తల్లిదండ్రుల కమిటీ పాత సామాన్ల వ్యాపారికి అమ్మింది. విరిగిన బెంచీల కాళ్ళు, బోరింగు పిడి, స్లాబు పనిలో మిగిలిన జానెడు కమ్మి తుంటలు. అదంతా లారీలో తమిళనాడుకు పోయింది. అక్కడ ఇనుము కరిగించే ఒక కర్మాగారం గేటు దగ్గర లారీ ఆగగానే రేడియేషను పసిగట్టే అలారం మోగింది. లారీ మొత్తం దించి, ఒక్కొక్క ముక్కా వేరు చేసి, వచ్చిన దారినే వెనక్కి వెతుక్కుంటూ పదో రోజుకు పూతలమిట్టకు రెండు జీపులు వచ్చాయి. హైదరాబాదు నుంచి వచ్చిన అణుశక్తి శాఖ బృందం అది. వాళ్ళ చేతుల్లో టిఫిను క్యారియరంత డబ్బాలు ఉన్నాయి. బడి గేటు దాటగానే అవి కీచుకీచుమన్నాయి. ఆ పూటే వాటికి కూసే డబ్బాలు అని పేరు పడింది.

బృందంలో జాహ్నవి అనే అమ్మాయి ఊరివాళ్ళను రచ్చబండ దగ్గర కూర్చోబెట్టి చెప్పింది. ఎక్కడో ఏదో పాత యంత్రంలో ఉండాల్సిన కోబాల్టు బిళ్ళ ఒకటి తెలియక పాత ఇనుములో కలిసిపోయింది. ఆ ఇనుమును ఒక చిన్న మిల్లు కరిగించి కమ్మి చేసింది. ఆ మిల్లు ఇప్పుడు మూతపడింది. ఆ కమ్మే కరోనా ఏట ఈ బడి స్లాబుకు వచ్చింది.

"అంటే ఇనుము కుళ్ళిందా పాపా?" అని మేకల చెంగయ్య అడిగాడు.

"కుళ్ళలేదు తాతా. ఇనుము బాగానే ఉంది. దాంట్లో వేరేది కలిసింది. అది కనపడదు, వాసన రాదు."

"మా కోడలు పెట్టే సాంబార్లో కందిపప్పు మాదిరన్నమాట."

అందరూ నవ్వారు. జాహ్నవి కూడా నవ్వింది. నవ్వు అయిపోయాక, దాంట్లోంచి వచ్చే కిరణాలు మనిషికి తెలియవని, దగ్గరగా చాలా కాలం ఉంటే ఒంట్లో రక్తం చెడిపోవచ్చునని చెప్పింది. ఆ మాటకు నలుగురైదుగురు వెనక్కి తిరిగి ఏబెల్ వైపు చూసి వెంటనే తలలు తిప్పుకున్నారు. ఏబెల్ జేబులోంచి పెన్ను తీసి, మూత తీసి, మళ్ళీ పెట్టాడు.

బడి చుట్టూ పసుపు తాడు కట్టారు. పిల్లలందరికీ రక్తపరీక్షలు చేశారు. ఎవరికీ ఏమీ లేదని కాగితాలు వచ్చాయి. మునిరామయ్య ఖాళీగా ఉన్న తన పట్టుపురుగుల షెడ్డును బడికి ఇచ్చాడు. ఆయన ఊళ్ళో పెద్ద రైతు, తల్లిదండ్రుల కమిటీకి అధ్యక్షుడు. మల్బరీ ఆకు వాసన ఇంకా పోని ఆ షెడ్డులో ఏబెల్ ఎప్పటిలా తొమ్మిదింటికి హాజరు వేసి, లెక్కలు మొదలుపెట్టేవాడు.

ఊరికి దెబ్బ పాల రూపంలో తగిలింది. పూతలమిట్టలో సగం ఇళ్ళు పాడి మీద బతుకుతున్నాయి. జీపులు వచ్చిన మూడో రోజు పాలబండి రాలేదు. పాల కేంద్రం తలుపుకు ఒక కాగితం అంటించారు. బడి కట్టడంలో తప్ప ఊళ్ళో ఒక్క కమ్మి ముక్క కూడా లేదని బృందం రాసిస్తేనే పాలు తీసుకుంటారు. అంతదాకా లేదు. పక్క ఊళ్ళలో పూతలమిట్టకు కమ్మి ఊరు అని పేరు వచ్చింది. చంద్రగిరి సంతలో ఇక్కడి వంకాయలను కూడా పక్కకు నెట్టారు.

నాలుగు ఆవుల దేవకమ్మ నిండు క్యాను నెత్తిన పెట్టుకుని షెడ్డు బడి ముందుకు వచ్చింది.

"పాలల్లోకి అది రాదు దేవకమ్మా," అని ఏబెల్ చెప్పాడు. "దీపం పెడితే గోడ మీద వెలుతురు పడుతుంది. దీపం తీసేస్తే గోడ వెలగదు గదా. ఇదీ అంతే. కమ్మి తీసేస్తే అక్కడ ఏమీ మిగలదు. ఆవుకు అంటదు, పాలకు అంటదు."

"నాకు సెప్పి ఏం లాబం అయివోరా? నేను తాగతానే ఉండా. పోయి పాలబండోడికి సెప్పు." ఆమె క్యాను దించింది. "తీస్కో, పిల్లోళ్ళకు కాంచి పొయ్యి. పెయ్యలకు తాపీ తాపీ అవి ఏనుగులైనాయి."

బడి స్లాబూ స్తంభాలూ ఎక్కడికీ పోవు. చిక్కు వచ్చింది ఊళ్ళోకి పోయిన ముక్కలతో. స్లాబు అయిపోయాక బారెడేసి కమ్మి ముక్కలు ఇరవై నాలుగు మిగిలాయి. పనికి ఉచితంగా ఇసుక మోసి, నీళ్ళు తోలినవాళ్ళకు తలా ఒకటి ఇద్దామని కమిటీ అనుకుంది. ఎవరికి ఇచ్చిందీ ఏబెల్ పాత హాజరు పట్టీ ఆఖరి పేజీలో రాశాడు. ఇరవై రెండు పేర్లు. కింద, మిగిలినవి రెండు అని ఉంది.

జాహ్నవి ఆ పేజీని చూసి చాలా సంతోషించింది. "ఇలా రాసి పెట్టినవాళ్ళను నేను ఎక్కడా చూడలేదు సార్," అంది.

ఆ పేజీ పట్టుకుని మూడు రోజులు ఊరంతా తిరిగారు. ఏబెల్ ముందు నడిచి పేరు చదివేవాడు. పన్నెండు ముక్కలు ఆవుల గుంజలయ్యాయి. ఒకటి టమోటా తోటలో ఊతకర్ర అయింది. తిరుమలమ్మ ఇంట్లో వంచి కొక్కెం చేసి దూలానికి దిగ్గొట్టారు. దానికి ఉయ్యాల వేలాడుతోంది. ఉయ్యాలలో అప్పటికి బిడ్డ లేడు, ఉల్లిగడ్డలున్నాయి. డబ్బా ఉల్లిగడ్డల మీద కూసినప్పుడు తిరుమలమ్మ చంకలో ఉన్న రెండేళ్ళ మనవణ్ణి కోడలి చేతికి ఇచ్చి, గోడకు ఆనుకుని కూర్చుంది. చెంగయ్య తన ముక్కను మొన తేల్చి గడ్డపార చేసుకున్నాడు. "దీంతో నాలుగేండ్లు గుంటలు తవ్వినా సామీ, నా సెయ్యి బాగానే ఉండాదే," అని చెయ్యి ముందుకు చాపాడు. జాహ్నవి ఆ చేతి మీద కూడా డబ్బా పెట్టి చూపించింది. కూయలేదు.

ఇరవై రెండు ముక్కలూ దొరికాయి.

"ఈ మిగిలిన రెండూ ఎక్కడ సార్?"

"గుర్తులేదమ్మా," అన్నాడు ఏబెల్.

ఇరవై తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఆయన ఒక్క పిల్లవాడికి కూడా రాని రోజు వచ్చినట్టు హాజరు వేయలేదు. మధ్యాహ్న భోజనం తనిఖీకి అధికారులు వచ్చిన రోజున కూడా. గుర్తులేదమ్మా అన్న మాట చాలా సులువుగా వచ్చింది. జాహ్నవి ఆ మాటే రాసుకుంది.

ఆఖరున, నియమం ప్రకారం, అయివారి ఇంటికీ వచ్చారు. వసారా, వంటిల్లు, దొడ్డి అన్నీ చూశారు. అమల గదిలోకి వచ్చారు. నవారు మంచం గోడవారగా ఎప్పటి చోటనే ఉంది. పుస్తకాలు బల్ల మీద ఉన్నాయి. జాహ్నవి వంగి మంచం కింద డబ్బా పెట్టింది. గదిలో నలుగురూ ఊపిరి బిగబట్టినట్టు నిలబడ్డారు. డబ్బా ఒకసారి చిన్నగా టిక్కుమంది, అంతే.

"మీ ఇంట్లో ఏమీ లేదు సార్. నిశ్చింతగా ఉండండి," అని జాహ్నవి లేచి మోకాళ్ళ దుమ్ము దులుపుకుంది.

దీపం తీసేస్తే గోడ వెలగదు. ఏబెల్‌కు తాను దేవకమ్మకు చెప్పిన మాట గుర్తుకు వచ్చింది.

కరోనా ఏట బడి మూసి ఉన్నప్పుడు ఆగస్టులో కమ్మి వచ్చింది. ఇసుక దొరక్క పని మొదలు కాలేదు. బడికి తలుపుల్లేవు. బయట పెడితే వానకు తుప్పు పడుతుంది, లేదా ఎవరన్నా ఎత్తుకుపోతారు. సర్కారు సొమ్ము పోతే జవాబు చెప్పాల్సింది ప్రధానోపాధ్యాయుడే. ఏబెల్ మనుషులను పెట్టి స్తంభాల కమ్మిని మునిరామయ్య కొట్టంలో వేయించాడు. అక్కడ పట్టనంత మిగిలితే, ఒక మోపును ఇంటికి తెప్పించి కూతురి మంచం కింద నేల మీద పేర్పించాడు. ఇంట్లో అంత పొడుగు జాగా ఆ మంచం కిందనే ఉంది. ఫిబ్రవరిలో స్లాబు వేసేదాకా, ఏడు నెలలు, అది అక్కడే ఉంది. అమల ఆ మంచం మీదే పడుకుంది. బడి లేదు కాబట్టి పగలు కూడా ఆ మంచం మీదే బోర్లా పడుకుని ఫోనులో పదో తరగతి పాఠాలు విన్నది.

ఏబెల్ లెక్కల అయివారు. బృందం పంచిన కాగితంలో కోబాల్టు బలం అయిదేళ్ళ చిల్లరలో సగానికి పడిపోతుందని ఉంది. అంటే ఇప్పుడు డబ్బా ఎంత చూపిస్తే, మంచం కింద ఉన్ననాడు దానికి ఒకటిన్నర రెట్లకు పైన ఉన్నట్టు. ఆ లెక్క ఆయన వేయాలనుకోలేదు. షెడ్డులో ఎనిమిదో తరగతికి చక్రవడ్డీ చెబుతుండగా దానంతట అదే అయిపోయింది. సుద్దముక్క బోర్డు మీద అలాగే పెట్టి కాసేపు నిలబడ్డాడు. పిల్లలు ఆయన ఏదో అడుగుతాడని చూశారు. "తర్వాతి లెక్క," అన్నాడు.

భార్య కోమలి రోజూ సాయంత్రం వాగు దాటి సమాధుల దొడ్డికి పోతుంది. సమాధి పక్కన నాటిన నందివర్ధనానికి చెంబెడు నీళ్ళు పోసి, సిలువ దిమ్మెకు ఆనించిన ఒక బల్లపరుపు రాయి మీద చీకటిపడేదాకా కూర్చుంటుంది. జీపులు వచ్చిన నాటి నుంచి ఏబెల్ కూడా వెంట పోవడం మొదలుపెట్టాడు. బృందం వాగు దాటలేదు. సమాధుల దొడ్డిలో కమ్మి ఉంటుందని ఎవరూ అనుకోలేదు.

మొదటిరోజు ఆయన రాయిని రెండు అడుగులు ఇవతలికి జరిపాడు.

"ఆడ చీమలుండాయి," అన్నాడు.

కోమలి రాయి ఎక్కడ ఉంటే అక్కడ కూర్చుంది. వారం తర్వాత రాయి నాలుగు అడుగులకు వచ్చింది. దూరం రెండింతలైతే దాని బలం నాలుగో వంతు అవుతుంది. ఆ సూత్రం తొమ్మిదో తరగతి పుస్తకంలో వెలుతురు పాఠం కింద ఉంది. ఆగస్టు చివరికి రాయి ఎనిమిది అడుగులు దాటింది. సెప్టెంబరులో కానుగ చెట్టు కిందికి చేరింది. అక్కడి నుంచి చూస్తే సిలువ మీద అమల పేరు రాసి బిగించిన రేకు పలక కనిపిస్తుంది గానీ పేరు చదవలేము.

"ఇంగా యాడికి జరుపుతావయ్యా," అంది కోమలి ఒక సాయంత్రం, వాగు వైపు చూస్తూ. "రోడ్డు మీదికా?"

ఏబెల్ చెట్టు నీడ మంచిదన్నాడు. పొద్దు అప్పటికే గుంకింది.

ఊళ్ళో ఆ రెండు ముక్కల కోసం వెతుకులాట ఆగలేదు. అవి దొరకనిదే కాగితం రాదు, కాగితం రానిదే పాలబండి రాదు. ఆడవాళ్ళు పొలాల గనిమల మీద గడ్డి పెరికి చూశారు. మగవాళ్ళు కుంటలో బురద తోడారు. ఇద్దరు ఆవులను పీలేరు సంతలో, వేరే ఊరి పేరు చెప్పి, అమ్ముకున్నారు. చివరికి ఊరి కన్ను చెంగయ్య మీద పడింది. బడి పని జరిగినప్పుడు కాపలా ఉన్నది అతనే. గడ్డపార చేసుకున్న తెలివి ఉన్నవాడు మిగిలిన రెండూ కల్లుకు మార్చి ఉండడా అన్నారు. పిల్లలు అతని మేకల వెనకాల నడుస్తూ డబ్బా మాదిరి కీచుకీచుమని కూసేవాళ్ళు.

చెంగయ్య ఒక ఉదయం షెడ్డు బడికి వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"అయివోరా, నీ పుస్తకంలో నా పేరు మింద ఒకటే గదా రాసినావు?"

"ఒకటే చెంగయ్యా."

"నేను తిరిగిచ్చింది ఒకటే గదా?"

"ఒకటే."

"ఆ మాట ఊళ్ళో సెప్పు సామీ. నేను సెప్తే కూతలు కూస్తావుండారు. మా కోడలు గూడా సంగటి పెడతా, ఏం మామా యాడ దాసినావు అంటాది. నగుతానే అంటాది. అయినా అంటాది."

"చెప్తాను," అన్నాడు ఏబెల్.

అది ఆయన ఆ రోజు చెప్పలేదు. మరుసటి రోజూ చెప్పలేదు. చెప్పాలంటే తర్వాతి మాట కూడా చెప్పాలి. ఆ రెండూ చెంగయ్య దగ్గర లేవంటే మరి ఎక్కడున్నాయని అడుగుతారు. సిలువ పెరికిపోతారు. అది ఒక సంగతి. అంతకుముందు ఎక్కడున్నాయని అడుగుతారు. అది ఇంకొక సంగతి.

అక్టోబరు ఆఖరి వారంలో దేవకమ్మ ఇంటికి వచ్చింది. ఈసారి చేతిలో క్యాను లేదు.

"నా ఆవుల్లో రెండింటిని అమ్మేస్తావుండా. రేపు బండి వస్తాది," అంది వసారా మెట్టు మీద కూర్చుంటూ. "అయివోరా, ఒక మాట అడగతా, కోపం సేసుకోవద్దు. నువ్వు మా ప్రతాపుకు సదువు సెప్పినప్పుడు, వాడు పోగొట్టుకొన్న పలక ముక్క గూడా యాడ పడిందో నువ్వే సెప్తివి. రెండు బారల కమ్మి యాడ పోయిందో నీకు గుర్తులేదంటే నేను నమ్మేదెట్ల?"

లోపలి నుంచి కోమలి వచ్చి దేవకమ్మకు మజ్జిగ ఇచ్చింది.

"మా మజ్జిగే తాగతావుండావా నువ్వు గూడా?" అంది దేవకమ్మ.

"మీ ఆవుదే అక్కా. తోడు బాగా పడింది."

దేవకమ్మ మజ్జిగ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.

వచ్చే శనివారం సమాధుల పండగ. ఊళ్ళో ఉన్న పదిహేను క్రైస్తవ కుటుంబాలు ముందురోజే సమాధులను కడిగి సున్నం కొట్టి, పండగనాడు పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి, పిల్లాపాపలతో చీకటిదాకా అక్కడే కూర్చుంటారు. పోయిన ఏడు అమల స్నేహితురాళ్ళు ఆరుగురు వచ్చి సిలువకు బంతిపూల దండ చుట్టి, దిమ్మె మీద ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. ఈసారీ వస్తామని కబురు పంపారు.

దేవకమ్మ పోయాక కోమలి దొడ్లో సున్నం తడిపింది. సున్నం ఉడుకుతూ ఉంటే కర్రతో కలుపుతూ, తల ఎత్తకుండానే మాట్లాడింది.

"సమాధికి సున్నం నేనే కొట్టాల గదా. దగ్గరికి పోనా, దూరం నుంచి సల్లనా?"

ఏబెల్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"కూసే డబ్బా ఆ పాప మంచం కింద పెట్టింది సూడు, ఆ దినం. అది కుయ్యలేదు. నువ్వు ఊపిరి వదిలినావు." ఆమె కర్ర తీసి పక్కన పెట్టింది. "మంచం కింద ఊడ్సింది నేనే గదా. పరక తగిలినప్పుడంతా ఆ కమ్మి గల్లుమనేది. పాపకు నిద్ర సెడతాదని గోనెపట్టలు కప్పినా. మా తమ్ముడు దొడ్లో ఉన్న ముక్కలు తీస్కపోయింది గూడా నేను సూసినా."

"మరి అడగలేదే."

"అడిగితే నువ్వు సెప్పాల్సొస్తాది గదా."

సున్నంలో బుడగలు తగ్గాయి. ఆమె చెంబుతో ఇంకా కొంచెం నీళ్ళు పోసింది.

"దేవకమ్మ ఆవుల్ని అమ్మనీయొద్దు," అంది. "ఆ పిల్లోళ్ళు గూడా వస్తారంట. ఫోను సెయ్యి."

ఏబెల్ లోపలికి పోయి కళ్ళజోడు పెట్టుకుని జాహ్నవికి ఫోను చేశాడు. ఆ రెండు ముక్కలు ఎక్కడున్నాయో తెలిసిందని చెప్పాడు. ఎక్కడ సార్ అని ఆమె అడిగింది. చెప్పాడు. రేపు పొద్దున వస్తామని ఆమె అంది. ఆ తర్వాత ఏబెల్ చెప్పులు వేసుకుని ముందు చెంగయ్య ఇంటికి, అక్కడి నుంచి దేవకమ్మ ఇంటికి నడిచి వెళ్ళి, ఇద్దరికీ ఒకే మాట చెప్పాడు. చెంగయ్య మేకపిల్లను ఒళ్ళోంచి దించి లేచి నిలబడ్డాడు. దేవకమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మరుసటి రోజు వాళ్ళు ఎనిమిదింటికే వచ్చారు. వాగు దగ్గరే డబ్బా మొదలైంది. దూరం నుంచి పొడుగు పట్టకారులతో, కోత మిషనుతో పని చేశారు. దిమ్మె పగలగొట్టి సిలువను వేరుచేశారు. వెండిరంగు అక్కడక్కడా పెచ్చులు లేచి ఉంది. పేరున్న రేకు పలకకు డబ్బా పెట్టి చూసి, అది బాగానే ఉందని విప్పి కోమలి చేతికి ఇచ్చారు. సిలువను మూడు ముక్కలు చేసి సీసం పొదిగిన పీపాలో వేశారు. పీపా మీద ఇరవై మూడు, ఇరవై నాలుగు అని సుద్దతో రాశారు. ఊరివాళ్ళు కానుగ చెట్టు ఇవతల నిలబడి చూశారు. మునిరామయ్య తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. చెంగయ్య మేకలు అటు పోకుండా తోలుతూ ఉన్నాడు.

పని అయ్యాక జాహ్నవి ఒక ఫారం తెచ్చింది. దాంట్లో వరుసగా ప్రశ్నలున్నాయి. ఏబెల్ జీపు బానెట్టు మీద పెట్టి తానే నింపాడు. ఈ వస్తువును ఇంతకుముందు ఎక్కడ నిల్వ చేశారు అన్న గడి దగ్గర ఆగలేదు. తన గుండ్రని చేతిరాతతో, మా ఇంట్లో, మా అమ్మాయి మంచం కింద, ఒక మోపు మొత్తం, ఆగస్టు నుంచి ఫిబ్రవరి వరకు, అని రాశాడు. ఇంట్లో ఎవరికైనా అనారోగ్యం అన్న గడిలో అమల పేరు, వయసు, జబ్బు, పోయిన తేదీ రాశాడు. గడి చాలలేదు. తేదీని పక్కన అంచులో రాశాడు.

జాహ్నవి నిలబడే చదివింది. రెండోసారి చదివింది.

"సార్, దీనివల్లే అని చెప్పలేం," అంది. "ఈ జబ్బు ఊరికే కూడా వస్తుంది. దీనివల్ల కాదని కూడా చెప్పలేం."

"తెలుసమ్మా," అన్నాడు ఏబెల్.

"మీరు తెలిసి పెట్టలేదు."

"లేదమ్మా. తడవకుండా పెట్టినాను."

ఆమె ఫారాన్ని సంచిలో పెట్టుకుంది. ఏబెల్ పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆయనకు బడికి పొద్దుపోయింది. వాగు దాటి షెడ్డుకు వెళ్ళి హాజరు వేశాడు. ఆ రోజు ముప్పై ఒక్కరు వచ్చారు.

సమాధుల పండగ నాడు అమల స్నేహితురాళ్ళు వచ్చారు. సిలువ లేని దిమ్మె గుంటలో ఎర్రమట్టి పోసి చదును చేసి ఉంది. వాళ్ళు దండను ఎక్కడ వేయాలో తెలియక కొంచెంసేపు చేతుల్లో పట్టుకుని నిలబడి, చివరికి నందివర్ధనానికి చుట్టారు. కోమలి బల్లపరుపు రాయిని తానే ఎత్తుకొచ్చి సమాధి పక్కన పాతచోటే వేసుకుని కూర్చుంది. ఏబెల్ ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. చీకటిపడేదాకా కూర్చున్నారు.

నవంబరు ఇరవై రెండున కాగితం వచ్చింది. ఇరవై అయిదున పాలబండి వచ్చింది. దేవకమ్మ తన నాలుగు ఆవుల పాలూ పోసి, ఒక చెంబెడు పక్కకు తీసి కోమలికి పంపింది. చెంబు పట్టుకొచ్చిన కోడలు అది ఖాళీ చేసి ఇచ్చేదాకా నిలబడి తీసుకుపోయింది. అప్పటి నుంచి రోజూ వస్తోంది. బడి మొత్తం కొట్టేసి కొత్తది కట్టాలని ఉత్తర్వు వచ్చింది. కమ్మి కొనే పని ఏబెల్ మునిరామయ్యకు అప్పగించాడు. నవారు మంచం ఆ గదిలోనే ఉంది.

క్రిస్మసుకు ముందు కువైటు నుంచి ఇమ్మానుయేలు ఫోను చేశాడు. ఊరివాళ్ళెవరో చెప్పగా అతనికి సంగతి తెలిసింది. చాలాసేపు ఏడ్చాడు. నేనే అతికించినా బావా, నా చేతుల్తో, అన్నాడు. ఏబెల్ ఫోను చెవికి పెట్టుకుని విన్నాడు. ఉన్న ఇనుముతో చేసినావు నువ్వు, అన్నాడు.

"ఈసారి కొయ్యతో సేయిద్దాం బావా. చంద్రగిరి వడ్రంగికి నేను సెప్తా. టేకు. కొలత పంపు."

"పంపుతాలే," అన్నాడు ఏబెల్.

రేకు పలకను కోమలి కడిగి, ఆరబెట్టి, అమల పుస్తకాల మీద పెట్టింది. కొలత టేపు బల్ల సొరుగులో ఉంది. ఏబెల్ ఇంకా కొలత తీయలేదు. సమాధికి సిలువ లేదు.